స్వగృహము – సంఘక్షేమము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవమున ప్రసంగింపుమని కార్యవర్గమువారు కబురు పంపినప్పుడు, భారతమునుండియో భాగవతమునుండియో ఒక ఘట్టము నిచ్చెదరని ఆశపడితిని. వారు ఇండ్లను గూర్చి చెప్పుమనిరి. లెక్కలు వ్రాసికొనువానికి ఇండ్లు, స్థలములు, పన్నులు తగిన విషయములు గాని పద్యములతో పనియేమని తలచియుందురు. కానిండు. ఇండ్లను గూర్చి చెప్పుటకును మన ప్రాచీనులు దారి వేసియే యున్నారు.

ప్రశ్న యిది. సొంతయిల్లు ఉండుట ఆ యింటివానికి సుఖమని వేరుగ చెప్పనక్కరలేదు. దానివలన ఊరికి మేలు గలదా? గలదేని, పదుగురు కట్టిన పన్నుల సొమ్ములోనుండి ఒకని యింటికి వెచ్చించుట న్యాయము. లేదేని, అది ఒకని సుఖమునకు పదుగురు చెల్లించుట యగును. ఇది ఊరక కాలక్షేపమునకు వేసికొన్న ప్రశ్న కాదు. ఇంటిస్థలము వెల నేడు కూలివానికిని చిన్న జీతగానికిని అందనంత పైకి పోయినది. పెండ్లియై వేరు కాపురము పెట్టవలసిన పిల్లలు మన యూరిలో ఎందరో తల్లిదండ్రుల వసారాలోనే తడికె కట్టుకొని కాలము గడపుచున్నారు.

అమరకోశమున ఇంటికి గల పేర్లను ఒక్కసారి తలచుకొనుడు. వేశ్మము అనగా ప్రవేశించునది. సదనము అనగా కూర్చుండుచోటు. వసతి, నివాసము అనగా ఉండుచోటు. అన్నియు ప్రవేశించుట, కూర్చుండుట, ఉండుట అను క్రియలనుండి పుట్టినవే. కొనుట, అమ్ముట అను క్రియలనుండి పుట్టిన పేరొక్కటియు నాకు కనబడలేదు. గృహము అను మాట మాత్రము గ్రహించుటనుండి వచ్చినది. అచ్చటను వ్యాఖ్యాతలు, ధాన్యాదులను ఇల్లు తనలోనికి గ్రహించునని చెప్పిరే గాని మనుష్యుడు ఇంటిని పట్టుకొనునని చెప్పలేదు. మన తెలుగు ఇల్లు ద్రావిడపదము. తమిళమున ‘ఇల్’ అనునది ఇంటికి పేరును అగును, ‘లో’ అను అర్థమిచ్చు విభక్తియు నగును. ఇది పండిత వినోదమని మీరు నవ్వవచ్చును. ధాతువులనుబట్టి శాసనములు చేయరాదని నేనును ఎరుగుదును. అయినను, మన పూర్వులు ఇల్లనగానే తలచుకొన్నది ‘ఉండుట’ యని దీనివలన తెలియుచున్నది. నేడు ఇల్లనగానే మనము ధర తలచుకొనుచున్నాము.

సొంతయింటివానివలన ఊరికి మేలు కలుగునని చెప్పువారి మాటలు మొదట విందము. అతడు గోడకు పగులు వచ్చిననాడే మెత్తును. గుమ్మము ముందు వేపమొక్క నాటి నీరు పోయును. పంచాయతీ వ్యవహారములలో నోరు విప్పును. పిల్లలను ఒకే బడిలో నిలుకడగ చదివించును. అద్దెవాడన్ననో, మన సామెత యుండనే యున్నది: అద్దెకు వచ్చిన గుర్రములు అగడ్తలు దాటునా యని. ఈ మాటలలో సత్యము లేకపోలేదు. దూరదేశములలో దీనిని పరీక్షించి చూచినవారును కలరు.

దక్షిణ అమెరికాఖండమున అర్జెంటీనా రాజధానియగు బ్యూనస్ ఎయిర్స్ శివారులో 1981వ సంవత్సరమున సుమారు 1,800 పేద కుటుంబములవారు ఒక బీడునేలను ఆక్రమించి గుడిసెలు వేసికొనిరి. అది సర్కారు భూమియని వారు తలచిరి. తీరా చూడ అది పలువురు స్వంతదారుల భూమి. 1984లో అచ్చటి ప్రభుత్వము చట్టము చేసి, యజమానులకు పరిహారమిచ్చి, ఆ నేలను నివాసులకే పట్టా చేయ సంకల్పించెను. కొందరు యజమానులు పరిహారము పుచ్చుకొనిరి. కొందరు చాలదని న్యాయస్థానమున కెక్కిరి. కనుక ఒకే విధమైన పేదలు, ఒకే నేల, పక్కపక్క గుడిసెలు, అయినను ఒకనికి పట్టా వచ్చెను, ఒకనికి రాలేదు. ఇందు ఎవరి ప్రజ్ఞయు లేదు. ఎక్కడనో ఉన్న యజమాని సంతకము పెట్టుటయో మానుటయో కారణము. ఏండ్లు గడచిన పిమ్మట ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ రెండు తెగలవారిని పోల్చిచూచి 2010లో ఫలితము ప్రకటించిరి. పట్టా వచ్చినవారి ఇండ్లు గోడలలోను కప్పులలోను మెరుగుపడినవి. కుటుంబములు చిన్నవైనవి. పిల్లలు ఎక్కువ చదివిరి. అప్పు పుట్టుట మాత్రము స్వల్పముగనే పెరిగినది. సంపాదన పెరిగినట్లు కనబడలేదు.

పెరూ దేశమున 1996 మొదలు పట్టణపు పేదవాడలలో పన్నెండు లక్షల కుటుంబములకు మించి పట్టాలిచ్చిరి. పట్టా చేతబట్టుకొన్న బీదవాడు దానిని చూపి అప్పు తెచ్చి వర్తకుడగునని ఆ దేశీయుడే యగు హెర్నాండో డి సోటో 2000వ సంవత్సరమున ప్రచురించిన తన గ్రంథమున గట్టిగ వాదించెను. జరిగినది వేరు. పట్టా వచ్చిన యింటివారు బయటికి పోయి పనిచేయు గంటలు పెరిగినవి. ఏలయన, అంతవరకు ఇంటిలో ఒకరు ఎల్లప్పుడును కావలి యుండవలసివచ్చెడిది. ఇల్లు విడిచిపోయిన మరియొకడు వచ్చి కూర్చుండునను భయము. కాగితము వచ్చిన పిమ్మట ఆ కావలి మనిషి కూలికి పోగలిగెను.

ఈ రెండు వృత్తాంతములను నేను పలుమారు చదివితిని. రెంటిలోను కాగితము చేసిన పని ఒక్కటే: రేపు ఎవడో వచ్చి లేవగొట్టునను భయమును తీసివేయుట. సంఘమునకు కలిగిన మేలంతయు అక్కడనుండి వచ్చినది. గోడ మెత్తుట, మొక్క నాటుట, బిడ్డను బడికి పంపుట, ఇవి అన్నియు రేపటిని నమ్మినవాడు చేయు పనులు. అమ్ముకొను హక్కువలన ఇవి కలుగలేదు.

అట్లయినచో, యాజమాన్యము లేకయే ఆ నమ్మకము నిచ్చిన దేశములున్నవా యని అడుగుదురు. ఉన్నవి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో మొదటి ప్రపంచయుద్ధము తరువాత పురపాలక సంఘమువారు విలాసవస్తువులమీదను, ధనికుల ఇండ్లమీదను హెచ్చు పన్నులు వేసి, 1934 లోపల కార్మికులకై అరువదివేలకు పైగా వాటాలు కట్టించిరి. నేటికిని ఆ నగరమున ఇంచుమించు సగము జనము పురపాలక సంఘమువారి ఇండ్లలోనో, లాభాపేక్ష తక్కువగల సంఘముల ఇండ్లలోనో అద్దెకుందురు. స్విట్జర్లాండున నూటికి నలువది కుటుంబములకైనను సొంతయిల్లు లేదు. అంతమాత్రమున ఆ దేశమువారు వీధులు ఊడ్చుకొనుట మానలేదు. సింగపూరున 1960లో గృహనిర్మాణ మండలి ఏర్పడినది. అచ్చట నేడు పది కుటుంబములలో తొమ్మిది సొంతయింట నున్నవని లెక్క. ఆ సొంతము చాలవరకు 99 ఏండ్ల కౌలు! నేల ప్రభుత్వముదే. మనము కౌలుదారులనువారిని వారు యజమానులనుచున్నారు. పేరులో నేమున్నది, తొంబదితొమ్మిది యేండ్లు కదలింపరను నమ్మకము చాలును.

ఇప్పుడు ఆ గుర్రపు సామెతను మరల చూడుడు. అగడ్త దాటనిది గుర్రము దోషమా, పూటకింత యని మాటలాడుకొన్న బేరము దోషమా? మన యూరి బడిలో పనిచేయు ఉపాధ్యాయులు పలువురు అద్దె యిండ్లవారే. ఈ గ్రంథాలయపు పుస్తకముల చిట్టా తిప్పి చూడుడు, ఎక్కువ పుస్తకములు తీసికొని చదివినవారిలో వారి పేర్లు కనబడును. కాని ఏ సంవత్సరమునకు ఆ సంవత్సరము ఇల్లు మారవలసినవాడు పెరటిలో కొబ్బరిమొక్క పెట్టడు. పెట్టుమని మనమును అడుగజాలము.

ఈ సంగతి కౌటిల్యునకు తెలియును. 1909లో శ్యామశాస్త్రిగారు మైసూరున ప్రకటించిన అర్థశాస్త్రమున మూడవ అధికరణములో ఇండ్ల వ్యవహారము చెప్పబడినది. పొమ్మన్నను పోక కూర్చున్న అద్దెవానికి పండ్రెండు పణముల దండన. అద్దె ఇచ్చుచున్నవానిని గెంటివేసిన యజమానికిని అదే దండన! దౌర్జన్యము, దొంగతనము మొదలగు కొన్ని తప్పులు చేసినవాని విషయమున మాత్రము మినహాయింపు. తనంతట తాను నడుమ విడిచిపోయినవాడు సంవత్సరపు అద్దెలో మిగిలినది చెల్లింపవలెను. ఇరువురను ఒకే త్రాసున తూచుట చూడుడు. మన రాష్ట్రమున అద్దె నియంత్రణ చట్టము 1960లో వచ్చినది. కౌటిల్యుడు అంతకు ఎన్ని శతాబ్దములకు ముందువాడో మీకు చెప్పనక్కరలేదు.

ఇక మన గ్రామములకు వత్తము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి దేశమున గ్రామములందు నూటికి 94.7 కుటుంబములు సొంతయింట నున్నవి. అద్దెయిండ్లవారు నూటికి 3.4 మాత్రమే. పట్టణములలో సొంతయిండ్లు 69.2. ఈ అంకెలు చదివినవాడు పల్లెలలో ఇంటిసమస్య తీరిపోయినదని సంతోషించును. లెక్కలు వ్రాయువానికి అంకె క్రింద ఏమున్నదో చూచు అలవాటు. నూటికి తొంబదినాలుగు సొంతయిండ్లు అన్నప్పుడు ఆ సొంతము దేనిమీద నిలిచియున్నది?

మన ఆంధ్రప్రాంతపు సెటిల్మెంటు రిజిస్టరు విప్పినచో, పొలములు గట్టు గట్టునకు నంబరుతో, విస్తీర్ణముతో, శిస్తుతో, పట్టాదారు పేరుతో వ్రాయబడియుండును. ఊరి నడిబొడ్డు వచ్చుసరికి ఒక్క నంబరు, ఒక్క మాట: గ్రామకంఠము. వందల యిండ్లు, వీధులు, బావులు, గుళ్ళు అన్నియు ఆ ఒక్క మాటలో అణగియున్నవి. కారణము సులభము. ఆనాటి దొరతనమువారికి శిస్తు పొలమునుండి వచ్చునది గాని యింటినుండి రాదు. శిస్తు రానిచోట కాగితమెందులకని వదలిరి. అందుచేత ఏడు తరములుగ ఒకే యింట పుట్టి పెరిగినవానిచేతను ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, తాతనాటి పంపకముల కాగితము తప్ప వేరు ఆధారముండదు. ఇరుగు పొరుగు సాక్ష్యమే అతని దస్తావేజు.

దీనివలన కలుగు నష్టమును లెక్కవేసి చూపెదను. ఒకడు ఇల్లు బాగుచేసికొనుటకు 5 లక్షల రూపాయలు అప్పు తేవలెననుకొనుడు. దస్తావేజు శుద్ధముగనుండి, నెలజీతము కూడ నున్నవానికి బ్యాంకువారు నూటికి సాలుకు 9 రూపాయల వడ్డీపై ఇచ్చినచో, నెలకు సుమారు 4,500 రూపాయల చొప్పున 20 ఏండ్లకు అసలు, వడ్డీ రెండును తీరిపోవును. మొత్తము కట్టినది సుమారు 10 లక్షల 80 వేలు. కాగితము లేనివాడు ఊరిలో నెలకు నూటికి 2 రూపాయల వడ్డీకి తెచ్చినచో, వడ్డీయే నెలకు 10,000. 20 ఏండ్లు కట్టిన 24 లక్షలగును. అసలు 5 లక్షలు అట్లే మిగిలియుండును! గ్రామకంఠమను ఒక్క మాట ఖరీదు ఇంత. కాగితమొక్కటే చాలదు, సంపాదనయు కావలెనని అర్జెంటీనా అనుభవము చెప్పుచునే యున్నది. కాని సంపాదన యున్నను కాగితము లేక వడ్డీ వ్యాపారి గుమ్మమెక్కినవారు మన యూరిలో లేకపోలేదు.

2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వమువారు స్వామిత్వ అను పేర ఒక పథకము నారంభించి, డ్రోనులచే గ్రామములలోని నివాసస్థలములను చిత్రించి ఇంటింటికి ఆస్తిపత్రము ఇచ్చు పనికి పూనుకొనిరి. ఆంధ్రప్రదేశమున అదే సంవత్సరము డిసెంబరులో సమగ్ర భూసర్వే ఆరంభమైనది. నేను దీనిని మనసార మెచ్చుకొనువాడను. ఆకాశమునుండి చూచు యంత్రమునకు కప్పు కనబడును గాని కప్పు క్రింది ఒడంబడికలు కనబడవు. ఈ మాట కొంచెము విస్తరించి చెప్పవలెను. మన సభలో పలువురకు దీనితో పనిబడును.

ఒక పాత పెంకుటింటిని తలచుకొనుడు. ముందు వసారా అన్నది, నడిమిల్లు తమ్మునిది. నడుమగోడ ఇద్దరిది. చూరునీరు పక్కవాని దొడ్డిలో పడును, దానికి మూడు తరముల వాడుక గలదు. పెరటిలోని గదిలో, చిన్ననాడే భర్తను పోగొట్టుకొని పుట్టింటికి వచ్చిన మేనత్త యున్నది. ఆమె ఆ గదిలో ఉండునని తండ్రి చావుబ్రతుకులలో చెప్పిపోయెను, అందరును ఒప్పుకొనిరి. ఈ మాటలు ఏ కాగితమునను లేవు, అయినను యేబది యేండ్లు చెల్లినవి. సర్వే గుమాస్తా పత్రమున ఒక గడి గీసి, యజమాని పేరు చెప్పుమనును. గుమ్మములో నిలుచున్నవాడు పెద్దన్న, అతని పేరు వ్రాసికొని పోవును. ఆ దినమునుండి చట్టము కంటికి ఆ యింట ఒక్కడే యున్నాడు. అతడు మంచివాడైన సరే. అతని కొడుకు ఆ పత్రము పెట్టి అప్పు తెచ్చిననాడు మేనత్త గది ఎవరిది?

1956 నాటి హిందూ వారసత్వ చట్టములో 23వ సెక్షను ఒకటి యుండెను. కుటుంబమువారు కాపురముండు ఇంటిని, మగవారు తమలో తాము పంచుకొనుటకు ఇష్టపడువరకు, ఆడువారు పంచుమని అడుగరాదని ఆ సెక్షను శాసించెను. పెండ్లికానివారికిని, విధవరాండ్రకును, భర్త విడిచినవారికిని ఉండు హక్కు మాత్రమిచ్చెను. 2005లో ఆ సెక్షనును తీసివేసిరి. నేడు కూతురును అడుగవచ్చును. కాని అడుగుటకు ఆమె పేరు ఎక్కడనో ఒకచోట కనబడవలయును గదా! యజమాని గడిలో హక్కుదారులందరి పేర్లును, కాపురమున్నవారి సంగతియు వ్రాయించుకొనుట ఇంటివారి పని. ఇల్లాలు అను మాటలో ఇల్లు ముందున్నది. పత్రములలో మాత్రము ఆమె వెనుకనో, అసలు లేకయో యుండుట చూచుచున్నాము. ఇటీవలి ప్రభుత్వములు ఇండ్లపట్టాలను స్త్రీల పేర ఇచ్చుట ఈ లోపమునకు కొంత చికిత్స.

కాగితమునకు మరియొక అంచు కూడ గలదు. ఏ కాగితము అప్పు తెచ్చునో ఆ కాగితమే ఇల్లు పోగొట్టును. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులో 60వ సెక్షను, రైతు తాను కాపురముండు ఇంటిని బాకీ డిక్రీ క్రింద జప్తుచేసి అమ్మరాదని చెప్పుచున్నది. తరువాత కూలివానికిని, ఇంటిపని చేయువానికిని ఈ రక్ష కల్పించిరి. దొరలు చేసిన చట్టములలో నాకు మిక్కిలి గౌరవము కలిగించిన వాక్యములలో ఇది యొకటి. ఎడ్లను, నాగలిని కూడ ఆ సెక్షనే కాపాడుచున్నది. ఇల్లును నాగలిప్రక్కనే కూర్చుండబెట్టిరి: రెండును బ్రతుకుటకు సాధనములు. కాని స్వయముగ తనఖా పెట్టిన యింటికి ఈ రక్ష లేదు. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టము ననుసరించి బ్యాంకువారు న్యాయస్థానము మెట్లెక్కకయే తనఖా యింటిని స్వాధీనపరచుకొనవచ్చును. అమెరికాలో తీర్చలేనివారికిని ఇల్లు కొనుమని అప్పులిచ్చి, ఆ పత్రములను చేతులు మార్చి, చివరకు 2008లో బ్యాంకులే కూలినవి. లక్షోపలక్షల కుటుంబములు వీధిన పడినవి. వారందరును కాగితముమీద సొంతయింటివారే.

ధర మాట ఇంకను చెప్పలేదు. అదియే అన్నిటికి మూలము.

2011 లెక్కలలోనే మరియొక అంకె గలదు. దేశమున ఆనాడు ఖాళీగ తాళములు వేసియున్న ఇండ్లు సుమారు 2 కోట్ల 47 లక్షలు. అందు పట్టణములలోనివి సుమారు 1 కోటి 11 లక్షలు. 2012లో ప్రభుత్వపు నిపుణుల సంఘము పట్టణములలో ఇండ్ల కొరత 1 కోటి 88 లక్షలని తేల్చినది. ఆ కొరతలో నూటికి 95 పాళ్ళకు మించి పేదలది, అల్పాదాయమువారిది. ఒకవైపు ఇల్లులేని మనుష్యులు, మరియొకవైపు మనుష్యులు లేని యిండ్లు! ఈ తాళములు వేసినవారిలో కొందరు దూరదేశమున నున్నవారు, కొందరు అద్దెకిచ్చిన ఖాళీచేయరని భయపడువారు, కొందరు ధర పెరుగుటకై వేచియున్నవారు. చివరివారికి ఇల్లు ధాన్యపు గాదె వంటిది. గాదెలోని ధాన్యమునైన ఎలుకలు తినును, మూడేండ్లకు పుచ్చిపోవును, అందుచే అమ్మక తప్పదు. స్థలము పుచ్చదు.

గోడలు మేస్త్రి కట్టును, ఇటుక బట్టీవాడు చేయును, సిమెంటు ఎంతకైనను తయారగును. స్థలమును ఎవడును తయారుచేయలేడు. మన యూరి రోడ్డుప్రక్క స్థలమునకు ఆ వెల ఎట్లు వచ్చినది? రోడ్డు వేసినది ప్రభుత్వము, బడి తెచ్చినది ఊరు, మంచినీటి చెరువు త్రవ్వినది మన తాతలు. ఈ గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలిపినది చందాలు కట్టిన మీరు. వెల మాత్రము స్థలదారుని చేతిలో పడినది, అతడు నిద్రించుచున్న రాత్రులలో. అమెరికాలో హెన్రీ జార్జి అను నాతడు 1879లో ఈ సంగతినే ఒక పెద్ద గ్రంథముగ వ్రాసెను. కౌటిల్యుడు రెండు మాటలలో తేల్చెను. ఇల్లు అమ్మువాడు ఆ యింటి ముందు, చుట్టుపట్ల నలువది కుటుంబములవారు వినునట్లు ప్రకటింపవలెను. జ్ఞాతులకును, పొరుగువారికిని, అప్పిచ్చినవారికిని వరుసగ ముందు అవకాశము, తరువాతనే పరాయివారికి. కొనువారు పోటీపడి వెల పెంచినచో, ఆ పెరిగిన వెల సుంకముతోకూడ రాజు బొక్కసమునకు పోవును! అమ్మినవానికి చెందదు. నేడు అంత కఠినముగ చేయుమని నేననను. పోటీవలన పుట్టిన వెల ఒక్కని కష్టార్జితము కాదని అంత పూర్వమే ఒకడు గుర్తించెనని మాత్రము చెప్పుచున్నాను.

ప్రభుత్వముల సహాయమును ఈ వెలుగులో చూడవలెను. ఇందిరా ఆవాస్ యోజన 1985లో పుట్టి, 2016లో ప్రధానమంత్రి పేరిటి పథకముగ మారినది. మైదాన గ్రామములలో ఇంటికి 1 లక్ష 20 వేలు చొప్పున ఆ పథకమున నిర్ణయించిరి. తెలంగాణమున 2024లో ఆరంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకమున తొలిదశలో సొంతజాగా ఉన్నవారికి 5 లక్షలు. ఇవి గోడలకు సహాయము. స్థలము లేనివాడు స్థలము వెదకుకొనునంతలో ఇచ్చిన సొమ్ము విలువ కరగును. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరు 25 మొదలు సుమారు 30 లక్షల స్థలపట్టాలు పంచిరి. అంత విస్తారమైన పని సామాన్యము కాదు. కాని గ్రామమున ఒక్కొక్కరికి సెంటున్నర. సెంటుకు 48.4 గజములు కనుక సెంటున్నర 72.6 గజములు. అందు గదియు వంటిల్లును మరుగుదొడ్డియు కట్టిన పిమ్మట గేదెను కట్టుటకు గాని, వడ్లు ఎండబెట్టుటకు గాని, మగ్గము వేయుటకు గాని చోటు మిగులదు. పల్లెటూరివానికి ఇల్లు నిద్రించుటకు మాత్రమే గాక పనిచేయుటకును చోటు. తరువాతి ప్రభుత్వము గ్రామములలో 3 సెంట్లకు నిర్ణయించుట మేలైన మార్పు.

ఇట్టి స్థలములను అమ్మరాదని 1977 నాటి అసైన్డు భూముల చట్టము చెప్పినది. ఇటీవలి సవరణలు కొన్నియేండ్లు గడచిన మీదట ఇంటిస్థలమును అమ్ముటకు వీలు కల్పించినవి. గడువు తీరకయే తెల్లకాగితముమీద చేతులు మారినవి ఎన్నియో మీరెరుగుదురు. అమ్మినవానిని నిందించుట సులభము. కూతురి పెండ్లియో, ఆసుపత్రి ఖర్చో వచ్చినప్పుడు అతనికి ఉన్న ఆస్తి అదియొక్కటే. నా అభిప్రాయమేమనగా, ఊరి సొమ్ముతో ఇచ్చిన స్థలమును అమ్మవలసివచ్చినచో కౌటిల్యుని వరుస పాటింపవలెను: ముందు ఊరిలోని ఇల్లులేనివానికి, లేదా పంచాయతీకే, ఇచ్చిననాటి విలువకు న్యాయమైన వడ్డీ కలిపి. అప్పుడు అవసరమున్నవానికి సొమ్ము చేరును, స్థలము ఊరి బిడ్డలకు మిగులును. అట్లుగాక సంతలో విడిచిపెట్టినచో, పదేండ్లకొకమారు ప్రభుత్వము కొని పంచుటయు, పదిమంది కొని పోగుచేయుటయు జరుగుచుండును. చిల్లికుండతో నీరు తోడుట మనకు క్రొత్త కాదు గాని, ఆ నీరు మనము కట్టిన పన్ను.

పంచాయతీవారికి ఇంకొక మనవి. క్రొత్తగ కాపురము పెట్టు దంపతులకును, బదిలీపై వచ్చు ఉపాధ్యాయులకును, నర్సమ్మలకును పది చిన్న యిండ్లు ఊరి పక్షమున కట్టి, ఐదేండ్లకు తక్కువ కాకుండ వ్రాతమూలకముగ అద్దెకిచ్చినచో ఎట్లుండునో ఆలోచింపుడు. వియన్నావారు అరువదివేలు కట్టిరి, మనము పదితో మొదలుపెట్టవచ్చును. అద్దె వచ్చును, మరమ్మతులకు సరిపోవును. లెక్కలు నేను వ్రాసిపెట్టెదను. అందుకు జీతమక్కరలేదు.

ఇక గ్రామకంఠములో ఇండ్లున్నవారికి చెప్పవలసినది ఒకటి మిగిలినది. వచ్చే నెల మొదలు ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిది గంటలనుండి పండ్రెండు వరకు నేను ఈ గ్రంథాలయపు ముందుగదిలో కూర్చుందును. ఇంటిపన్ను రసీదులు, పంపకముల కాగితములు, పాత దస్తావేజులు ఏవి యున్నను తీసికొనిరండు. ఇంటిలో ఎవరెవరు ఏయే గదిలో నుందురో, నడుమగోడ ఎవరిదో, చూరునీరు ఎటు పోవునో ఒక తెల్లకాగితముమీద చిత్రము గీసి, ఇరుగు పొరుగువారి సంతకములు కూడ పెట్టించి ఉంచుకొందము. మేనత్తలు, అక్కలు, చెల్లెండ్రు కూడ స్వయముగ రావలెను. వారి తరఫున మరియొకరు చెప్పినది నేను వ్రాయను.